పీడో రెసిడెన్సీ: ఇంటర్వ్యూలు అయిపోవస్తున్నాయి, ర్యాంక్ లిస్ట్ దగ్గర ఆగిపోయాను

పాలపళ్ళు | నవంబరు 16

అందరికీ నమస్తే. అమెరికాలో డెంటల్ స్కూల్ నాలుగో ఏడు చదువుతున్నాను. డిగ్రీ తర్వాత చేసే రెసిడెన్సీ శిక్షణకి పీడియాట్రిక్ డెంటిస్ట్రీలో (పీడో, పిల్లల పళ్ళ వైద్యం) అప్లై చేశాను, ఎందుకైనా మంచిదని కొన్ని జీపీఆర్‌లకి (ఏడాది జనరల్ డెంటిస్ట్రీ రెసిడెన్సీ) కూడా పెట్టాను. ఇప్పటికి పీడోవి ఐదు, జీపీఆర్‌వి రెండు ఇంటర్వ్యూలు అయ్యాయి. పీడోది ఇంకొక్కటే మిగిలింది, డిసెంబరు మొదటి వారంలో. అది మాత్రం జూమ్ కాదు, వెళ్ళాల్సిందే.

మొదటి ఇంటర్వ్యూ పాడు చేసుకున్నాను. "నువ్వు ఫెయిలైన సందర్భం ఒకటి చెప్పు" అన్నారు. "నేను ప్రతి పనీ మరీ పర్ఫెక్ట్‌గా చేయాలనుకుంటాను, అదే నా సమస్య" అన్నాను. ముగ్గురూ తలూపి ఏదో రాసుకున్నారు. ఆ నిశ్శబ్దం ఇంకా చెవుల్లో ఉంది.

అసలు విషయానికొస్తాను. సీట్లు మ్యాచ్‌లో వస్తాయి: మేము ప్రోగ్రామ్‌లని, ప్రోగ్రామ్‌లు మమ్మల్ని నచ్చిన వరసలో ర్యాంక్ లిస్ట్ వేస్తే, కంప్యూటరు రెండూ కలిపి చూసి సీటిస్తుంది. నా మనసులో మూడున్నాయి.

ఒకటి, పెద్ద పిల్లల ఆసుపత్రి. పేరు చెబితే అందరూ "ఓ!" అంటారు. కేసులకి లోటు లేదు. కానీ జూమ్‌లో మాతో మాట్లాడిన రెసిడెంట్ ముఖంలో ప్రాణం లేదు. అడిగినదానికి ఒక్కో ముక్క జవాబు.

రెండు, చిన్న ఊరు. పేరు చెబితే "అదెక్కడుంది?" అంటారు. రెసిడెంట్లు నవ్వుతూ మంచీచెడూ అన్నీ చెప్పారు. ఇంటర్వ్యూ అయ్యాక డైరెక్టర్ నుంచి "నువ్వు మాకు చాలా నచ్చావు" అని మెయిల్ వచ్చింది.

మూడు, నేను పెళ్ళి చేసుకోబోయే అబ్బాయి ఉద్యోగం చేసే ఊళ్ళో. ప్రోగ్రామ్ పర్వాలేదు. అంతే.

నా ప్రశ్న ఇది. పెద్దది నాకు రావడం కష్టం. దాన్ని పైన పెట్టి వృథా చేసుకునే బదులు, వాళ్ళే మెయిల్ పెట్టిన రెండోదాన్ని నంబర్ వన్ చేస్తే సేఫా?

జ్ఞానదంతం | నవంబరు 16

ఓరల్ సర్జరీ రెసిడెంట్‌ని, మూడో ఏడు. తలనొప్పి పెట్టే మూడో దవడపన్ను లాంటి ఈ సందేహం ఏటా ఎవరో ఒకరికి వస్తుంది, పీకేద్దాం.

మ్యాచ్‌లో "వృథా" అనేది లేదు. కంప్యూటరు నీ లిస్టు పైనుంచి మొదలుపెడుతుంది. నీ నంబర్ వన్ దగ్గర చోటుందా అని చూస్తుంది. వాళ్ళకి సీట్లు నాలుగు, వాళ్ళ లిస్టులో నీకంటే పైనున్న నలుగురు అక్కడ కూర్చుని ఉన్నారనుకో, నీకు చోటు లేదు. అప్పుడు నీ నంబర్ టూ కి వెళ్తుంది. నువ్వు వాళ్ళని రెండోది చేశావన్న సంగతి అక్కడ ఎవరికీ పట్టదు. వాళ్ళ లిస్టులో నువ్వు పైన ఉంటే, వాళ్ళనే నంబర్ వన్ చేసుకుని ముందే కూర్చున్నవాడిని లేపి మరీ నిన్ను కూర్చోబెడుతుంది. లేచినవాడు తన తర్వాతి ఛాయిస్‌కి వెళ్తాడు. చివరి మనిషి లెక్క తేలేదాకా ఏ సీటూ ఖాయం కాదు.

అందుకే రాని ప్రోగ్రామ్‌ని పైన పెట్టినా నీకు నష్టం లేదు. నష్టం ఒక్క రకంగానే వస్తుంది: నచ్చనిదాన్ని పైన పెడితే. అది నిజంగా వచ్చేస్తుంది!

ఇది నా సొంత తెలివి కాదు. మెడికల్ రెసిడెన్సీ మ్యాచ్‌ని 1990ల్లో ఆల్విన్ రాత్, ఎలియట్ పెరాన్సన్ ఇలా సరిచేశారు. వెనకున్న సిద్ధాంతానికి రాత్‌కీ లాయిడ్ షేప్లీకీ 2012లో ఎకనామిక్స్ నోబెల్ వచ్చింది.

ఇంకొకటి. పీడో, జీపీఆర్, ఏఈజీడీ (జీపీఆర్ లాంటిదే ఇంకో జనరల్ రెసిడెన్సీ), ఓరల్ సర్జరీ అన్నీ మ్యాచ్ రెండో దశలోనే ఉంటాయి. ఆర్థో (పళ్ళ వరస సరిచేయడం), పెరియో (చిగుళ్ళు), ప్రాస్తో (కట్టుడు పళ్ళు) మొదటి దశ. కాబట్టి నీ పీడోలు, జీపీఆర్‌లు ఒకే లిస్టులో వేసుకోవచ్చు. ఏ జీపీఆర్ కంటే అయినా ఏ పీడో అయినా నీకు మేలనుకుంటే, పీడోలన్నీ పైన, జీపీఆర్‌లు కింద. చేరడం కంటే ఖాళీగా ఉండడమే నయం అనిపించే ప్రోగ్రామ్ ఉంటే అసలు లిస్టులోనే వేయకు. మ్యాచ్ అయ్యాక "నాకొద్దు" అనడానికి లేదు, రూలు.

ముప్పైరెండు | నవంబరు 17

జనరల్ డెంటిస్ట్‌ని, సొంత ప్రాక్టీసు, ఇరవై రెండేళ్ళు. పై తమ్ముడు లెక్క సరిగ్గా చెప్పాడు. ఆ మెయిల్ గురించి నేనో మాట చెబుతాను.

అమ్మా, "నచ్చావు" అన్న మెయిల్ నీ ఒక్కదానికే వచ్చిందనుకోకు. అలాంటిదే మా బ్యాచ్‌లో ఒకే ప్రోగ్రామ్ నుంచి ముగ్గురికి వచ్చింది. మాటలు కూడా అవే. ఆ ముగ్గురిలో ఒక్కరికీ అక్కడ సీటు రాలేదు. మర్యాదగా జవాబు రాయి, లిస్టు వేసేటప్పుడు మర్చిపో.

నిన్ను ఎన్నో నంబరులో పెడుతున్నామని వాళ్ళు మాటివ్వకూడదు, నీ లిస్టు ఏమిటని నిన్ను అడగనూకూడదు. అడిగితే తప్పు వాళ్ళది, నీది కాదు. నవ్వి "మీ ప్రోగ్రామ్ నాకు చాలా నచ్చింది" అని ఊరుకోవడమే.

పేరు సంగతి. నా దగ్గరికొచ్చే పేషెంట్లలో గోడమీద సర్టిఫికెట్ చదివినవాళ్ళు ఇన్నేళ్ళలో ఇద్దరో ముగ్గురో. వాళ్ళు కూడా నేను లేటైతే తోచక చదివారు.

చెక్‌బుక్ | నవంబరు 17

మళ్ళీ తిట్టించుకోవడానికి వచ్చాను. పీడో సరే, అది స్పెషాలిటీ. జీపీఆర్ ఎందుకు? డిగ్రీ చేతికొచ్చాక ఒక ఏడాది వేరేవాళ్ళ క్లినిక్‌లో అసోసియేట్‌గా చేస్తే ఆ స్టైపెండ్‌కి రెట్టింపు వస్తుంది, చేయి కూడా అక్కడే తిరుగుతుంది. అప్పు మీద వడ్డీ ఆగదు కదా. ఇంకో ఏడాది స్టూడెంట్‌గా ఉండటానికి సాకు అంటాను నేను.

రాత్రిపేజర్ | నవంబరు 17

@చెక్‌బుక్ అన్నా, న్యూయార్క్‌లో లైసెన్స్ కావాలంటే ఏడాది రెసిడెన్సీ తప్పనిసరి, 2007 నుంచీ. సాకు కాదు, చట్టం.

అది పక్కన పెడదాం. నేను ఆసుపత్రిలో జీపీఆర్ చేశాను. రక్తం పలచబడే మందులు వాడుతున్నవాళ్ళకి పన్ను తీయడం, రేడియేషన్‌కి ముందు క్యాన్సర్ పేషెంట్ నోరు సిద్ధం చేయడం, కదలకుండా కూర్చోలేని ఆటిజం ఉన్న పెద్దవాళ్ళకి ఓఆర్‌లో (ఆపరేషన్ థియేటర్‌లో) మత్తు ఇచ్చి మొత్తం పని ఒకేసారి ముగించడం. ఇవి ఏ కార్పొరేట్ క్లినిక్‌లో నేర్పుతారు? అక్కడ అలాంటివాళ్ళు వస్తే రిఫరల్ చీటీ రాసి పంపించేస్తారు. ఆ చీటీ వచ్చి చేరేది మా దగ్గరికే.

అన్ని జీపీఆర్‌లూ ఇలా ఉంటాయని మాత్రం అనను. నా స్నేహితురాలు చేసినచోట పై అంతస్తులో ఎండో రెసిడెంట్లు, పక్కన పెరియో, కింద ఓరల్ సర్జరీ. మోలార్ రూట్‌కెనాల్ వస్తే పైకి, ఇంప్లాంట్ వస్తే పక్కకి, జ్ఞానదంతం వస్తే కిందకి. తనకి మిగిలింది ఫిల్లింగులు, క్లీనింగులు. ఏడాది చివర్లో లెక్కేసుకుంటే తను పెట్టిన ఇంప్లాంట్లు సున్నా. అప్లై చేసేటప్పుడు "ఇన్ని స్పెషాలిటీలు ఒకే బిల్డింగులో ఉన్నాయి, ఎంత నేర్చుకోవచ్చో" అనుకుందట.

ఇంటర్వ్యూలో అడగాల్సింది "మీ దగ్గర ఇంప్లాంట్లు చేస్తారా?" అని కాదు. "పోయినేడు రెసిడెంట్ ఒక్కొక్కరు సొంతంగా ఎన్ని పెట్టారు?" అని.

చెక్‌బుక్ | నవంబరు 17

సరే, చివరి పేరా ఒప్పుకుంటున్నా. ఫీజు కట్టించుకునే రెసిడెన్సీల గురించి కూడా మాట్లాడండి ఎవరైనా. స్టైపెండ్ ఇచ్చే చోటికీ, మనమే ట్యూషన్ కట్టే చోటికీ రెండేళ్ళలో వచ్చే తేడా చిన్న ఇల్లు డౌన్‌పేమెంట్ అంత. ఆ మాట ఎవరూ పైకి అనరు. ఇంకో విషయం, లాభాపేక్ష లేని ఆసుపత్రిలో జీతం తీసుకునే రెసిడెంట్ అయితే, ఫెడరల్ లోన్ మాఫీకి కావాల్సిన 120 కిస్తీల్లో ఆ నెలలు కూడా లెక్కకొస్తాయి. చాలామంది రెసిడెన్సీ అంతా ఫోర్‌బేరెన్స్‌లో (కిస్తీలు తాత్కాలికంగా ఆపుకోవడం) పెట్టి ఆ నెలలు పోగొట్టుకుంటారు.

చిగురు | నవంబరు 18

మధ్యలో దూరుతున్నందుకు ఏమనుకోకండి. నాది ఇండియాలో బీడీఎస్. ఇక్కడి డెంటల్ డిగ్రీ డీడీఎస్ మళ్ళీ చదవకుండా నేరుగా రెసిడెన్సీ చేస్తే లైసెన్స్ వస్తుందా?

జ్ఞానదంతం | నవంబరు 18

@చిగురు రాష్ట్రాన్ని బట్టి. ఎక్కువ రాష్ట్రాలు ఇక్కడి గుర్తింపు పొందిన స్కూల్ డిగ్రీనే అడుగుతాయి. రెసిడెన్సీతో సరిపెట్టుకునేవి కొన్నే, వాటి షరతులు కూడా ఒకదానికొకటి పొంతన ఉండవు. ముందు ఏ రాష్ట్రంలో బతకాలో తేల్చుకుని, ఆ డెంటల్ బోర్డు రూల్ చదివి, తర్వాత అప్లై చెయ్యి. వీసా ఎవరు స్పాన్సర్ చేస్తారో ఫీజు కట్టకముందే ప్రోగ్రామ్‌ని అడుగు. దీనికి వేరే థ్రెడ్ పెట్టు, చాలామంది ఉన్నారు.

వెనకకుర్చీ | నవంబరు 19

నేను టేబుల్‌కి అటువైపు కూర్చునే మనిషిని. పీడో ఫ్యాకల్టీ, సెలెక్షన్ కమిటీలో చాలా ఏళ్ళుగా ఉన్నాను. ఎక్కడో చెప్పను.

పాలపళ్ళు, నీ "పర్ఫెక్ట్" జవాబు మేము రోజుకి ఆరుసార్లు వింటాం. దానివల్ల ఎవరూ కింద పడరు, ఎవరూ పైకీ రారు. గుర్తుండరు, అంతే. మార్కులు, ర్యాంకు, లెటర్లు అన్నీ పిలవకముందే చూసేశాం. లైసెన్స్‌కి రాసే బోర్డు పరీక్ష ఐఎన్‌బీడీఈలో పాసా ఫెయిలా తప్ప స్కోరు ఉండదు కాబట్టి, రెసిడెన్సీ ప్రవేశ పరీక్ష ఏడాట్ స్కోరు పంపినవాళ్ళది అది కూడా చూస్తాం. పిలిచామంటేనే చదువు చాలినట్టు. ఇంటర్వ్యూలో నేను చూసేది ఒక్కటే: ఈ అమ్మాయికి రాత్రి పన్నెండింటికి ఫోన్‌లో "నువ్వు చేసింది తప్పు" అని చెబితే వింటుందా, వాదిస్తుందా, ఏడుస్తుందా? ఏడ్చినా ఫర్వాలేదు, విని ఏడిస్తే.

ఫెయిలైన సంగతి అడిగేది అందుకే. ఒకసారి ఒక కుర్రాడు, తను తప్పు పంటికి మత్తు ఇచ్చి, పని మొదలుపెట్టే ముందు తెలుసుకుని, తల్లికి తనే చెప్పిన సంగతి చెప్పాడు. తర్వాత ఏం మార్చుకున్నావంటే, "ఇప్పుడు ఎక్స్‌రే చూసి పంటి నంబరు పైకి చదివి అసిస్టెంట్‌తో అనిపించుకుంటాను" అన్నాడు. తీసుకున్నాం.

కేసు ప్రశ్నలు కూడా అలాంటివే. నేను ఎక్కువగా అడిగేది ఇది: నాలుగేళ్ళ పాప, ఎనిమిది పుచ్చిపళ్ళు, నొప్పి లేదు, కుర్చీ ఎక్కనంటోంది. ఓఆర్‌లో చోటు దొరకాలంటే నెలలు పడుతుంది. సిల్వర్ డయమిన్ ఫ్లోరైడ్ రాస్తే పుచ్చు ఆగుతుంది కానీ ఆ భాగం నల్లబడుతుంది. ముందుపళ్ళు నల్లబడడం తల్లికి ఇష్టం లేదు. ఏం చేస్తావు?

చాలామంది మందు గొప్పతనం చెప్పడం మొదలుపెడతారు. ఆ తల్లి ఎందుకు వద్దంటోందో అడుగుతానని అనేవాళ్ళు తక్కువ. బడిలో పిల్లలు వెక్కిరిస్తారని కావచ్చు, అత్తగారు ఏమంటారో అని కావచ్చు. వెనకపళ్ళకి ముందు రాసి, ముందుపళ్ళ సంగతి ఫోటోలు చూపించి మాట్లాడి, ఓఆర్ లిస్టులో పేరు వేయించి, ఈలోపు నొప్పి వస్తే ఎవరికి ఫోన్ చేయాలో రాసిచ్చే మనిషి నాకు కావాలి. సరైన జవాబు అంటూ ఒకటి లేదు. పాపని పట్టుకుని పని కానిచ్చేద్దాం అన్నది మొదటి మాటగా వస్తే మాత్రం నా పెన్ను ఆగిపోతుంది.

పాలపళ్ళు | నవంబరు 19

@వెనకకుర్చీ గారు, మీరు రాసింది మూడుసార్లు చదివాను. నేనైతే మందు గొప్పతనమే చెప్పేదాన్ని.

రెసిడెంట్‌గారిభర్త | నవంబరు 20

నేను డాక్టర్ని కాను, సాఫ్ట్‌వేర్. మా ఆవిడ పీడో రెండో ఏడు. ఆ మూడో ప్రోగ్రామ్ గురించి ఎవరూ మాట్లాడలేదు కాబట్టి నేను చెబుతున్నా.

మేము ఒకే ఊళ్ళో ఉండాలని ఆవిడ నంబర్ వన్ చేసింది. కలిసే ఉంటున్నాం. ఆరింటికి వెళ్తుంది, ఏడింటికి వస్తుంది, తిని పడుకుంటుంది, కాల్ (రాత్రి ఎమర్జెన్సీ డ్యూటీ) ఉన్న వారం అది కూడా లేదు. ఆదివారాలు కాగితాల పనో, సెమినార్ తయారీనో. ఫస్టియర్‌లో మేము కూర్చుని మాట్లాడుకుంది ఎక్కువగా కారులో. అయినా నేను పక్కన లేకపోతే ఆ ఏడాది గట్టెక్కేది కాదని తనే అంటుంది. ఇది ఎటూ తేలని సలహా అని నాకూ తెలుసు. "ఒకే ఊరు" అంటే వారంలో ఎన్ని గంటలు కలిసి ఉండటమో లెక్కేసుకుని, ఆ గంటల కోసం ప్రోగ్రామ్‌లో ఎంత వదులుకోవచ్చో ఇద్దరూ కూర్చుని మాట్లాడుకోండి. ఒక్కరే నిర్ణయిస్తే మూడో నెలలో "నీకోసమే కదా వచ్చాను" అనే మాట వస్తుంది. మాకు వచ్చింది.

పాలపళ్ళు | డిసెంబరు 6

చివరి ఇంటర్వ్యూ అయింది. వెళ్ళి వచ్చాను.

ముందురోజు సాయంత్రం రెసిడెంట్లతో భోజనం. ఫ్యాకల్టీ ఎవరూ లేరు. ఇక్కడ చెప్పిన ప్రశ్నలే అడిగాను. ఓఆర్‌లో ఒక్కొక్కరికి ఎన్ని రోజులు, ఇద్దరు రెసిడెంట్లకి ఒక అసిస్టెంటా లేక ఒక్కొక్కరికి ఒకరా, గత మూడేళ్ళలో మధ్యలో మానేసినవాళ్ళు ఉన్నారా. చివరిది అడగ్గానే ఇద్దరు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. "ఒకరు వెళ్ళారు, వాళ్ళ సొంత కారణాలు" అన్నారు. రెస్ట్‌రూమ్ దగ్గర ఒకమ్మాయి విడిగా కలిసి, "ఒకరు కాదు, ఇద్దరు" అంది.

మర్నాడు ఇంటర్వ్యూ బాగానే జరిగింది, ఒక్క మనిషి తప్ప. "చేతికి ఉంగరం ఉందే, పెళ్ళెప్పుడు? రెసిడెన్సీ మధ్యలో పిల్లల ప్లాన్ లేదు కదా?" అన్నారు. నవ్వుతూనే. నాకు గొంతు ఎండిపోయింది. "రెండేళ్ళూ పూర్తి చేయడానికే వస్తున్నాను" అన్నాను. సరిగ్గానే చెప్పానా?

వెనకకుర్చీ | డిసెంబరు 6

చాలా బాగా చెప్పావు. ఆ ప్రశ్న అడగకూడదు, అడిగిన మనిషికి కూడా ఆ సంగతి తెలిసే ఉంటుంది. నీ జవాబు అతనికి అడిగే హక్కున్న భాగానికి మాత్రమే జవాబు. మ్యాచ్ అయ్యాక ప్రోగ్రామ్ ఫీడ్‌బ్యాక్ అడిగితే రాయి.

ముప్పైరెండు | డిసెంబరు 7

ఉంగరం సంగతి సరే, ఆ "ఒకరు కాదు ఇద్దరు" నాకు పెద్దగా వినిపిస్తోంది. రెసిడెంట్ మానేయడం ఎక్కడైనా జరుగుతుంది. దాచడం ఎక్కడైనా జరగదు. పేరు గొప్ప ఊరు దిబ్బ.

పాలపళ్ళు | డిసెంబరు 13

కొత్త సమస్య. నేను ఇంటర్వ్యూ ఇచ్చిన జీపీఆర్‌లలో ఒకటి అసలు మ్యాచ్‌లోనే లేదట. నేను గమనించలేదు, నా పొరపాటే. నిన్న ఫోన్ చేసి సీటిస్తాం, ఐదు రోజుల్లో చెప్పమన్నారు. మంచి ప్రోగ్రామే. ఒప్పుకుంటే మ్యాచ్ నుంచి పేరు తీసేసుకోవాలి, అంటే పీడో ఈ ఏటికి లేనట్టే. ఇంట్లో అందరూ "చేతిలో ఉన్నది వదులుకోకు" అంటున్నారు. రాత్రంతా నిద్ర లేదు.

చెక్‌బుక్ | డిసెంబరు 13

నేనే ఈ మాట అంటాననుకోలేదు. వదిలెయ్. ఆరు పీడో ఇంటర్వ్యూలు ఉన్నదానివి, ఏడాది జీపీఆర్ కోసం వాటన్నిటినీ పారేస్తావా?

రాత్రిపేజర్ | డిసెంబరు 13

నేను ఎదురు చెబుతా. మా జీపీఆర్‌లో నాతో చేసినమ్మాయి మర్నాటి ఏడు పీడోకి వెళ్ళింది. ఓఆర్‌లో పిల్లల కేసులు చేసిన అనుభవం ఇంటర్వ్యూలో బాగా పనికొచ్చిందంది. దారి మూసుకుపోదు, ఏడాది ఆలస్యం అవుతుంది. నిజంగా నిద్ర పట్టనంత భయమైతే తీసుకోవడం తప్పు కాదు. కానీ ఐదో రోజు వరకూ ఆగకు, ఏదైనా సరే రేపే చెప్పు. నువ్వు వద్దంటే ఆ సీటు కోసం ఎదురుచూసేవాళ్ళు ఉంటారు.

జ్ఞానదంతం | డిసెంబరు 14

ఒక్క ప్రశ్న వేసుకో. జనవరిలో పీడో రాకపోతే, ఈ డిసెంబరు తలచుకుని ఏడుస్తావా? జీపీఆర్‌లో చేరిపోయి, జనవరిలో నీ స్నేహితురాలికి పీడో వస్తే ఏడుస్తావా? రెండో ఏడుపు ఎక్కువైతే వదిలెయ్.

పాలపళ్ళు | డిసెంబరు 14

వదిలేశాను. ఫోన్ పెట్టాక చేతులు వణికాయి. అమ్మ మాట్లాడటం లేదు.

పాలపళ్ళు | జనవరి 4

లిస్టు సబ్మిట్ చేసేశాను. చిన్న ఊరు మొదటిది. పెద్ద ఆసుపత్రి రెండోది. మా అబ్బాయి ఉన్న ఊరు మూడోది, ఇద్దరం కూర్చుని గంటలు లెక్కేశాకే. @రెసిడెంట్‌గారిభర్త గారూ, థాంక్స్, లెక్కలో ఇద్దరం కొట్టుకున్నాం కూడా. చివరగా వెళ్ళివచ్చినది జీపీఆర్ కంటే కింద. అసలు వేయకూడదనుకున్నాను, ధైర్యం చాల్లేదు.

జ్ఞానదంతం | జనవరి 4

దాన్ని తీసెయ్యమనే అంటాను, గడువు ఇంకా ఉంది కదా.

పాలపళ్ళు | జనవరి 5

తీసేశాను.

పాలపళ్ళు | జనవరి 28

రెండోది! పెద్ద ఆసుపత్రి!

పొద్దున్న మెయిల్ చూసి ఐదు నిమిషాలు ఏమీ అర్థం కాలేదు. చిన్న ఊరు రాలేదని కొంచెం గుచ్చుకుంది, అబద్ధం చెప్పను. @ముప్పైరెండు గారూ, ఆ మెయిల్ గురించి మీరు చెప్పిందే నిజమైంది.

సాయంత్రం ఫోన్ వచ్చింది. జూమ్‌లో ముఖంలో ప్రాణం లేదన్నానే, ఆ రెసిడెంట్. నా పేరు లిస్టులో చూసి చేసిందట. "ఆ రోజు నీ ప్రశ్నలకి సరిగ్గా చెప్పలేదు, గుర్తుంది నాకు. ముందురాత్రి సైకిల్ మీదనుంచి పడిన ఇద్దరు పిల్లలు వచ్చారు. ఒకడి పళ్ళు ఊడి వచ్చాయి, వాళ్ళమ్మ పాలల్లో వేసి తెచ్చింది. తెల్లారేదాకా పళ్ళు కదలకుండా స్ప్లింట్లు (కట్లు) వేసి నేరుగా జూమ్‌లో కూర్చున్నా" అంది. మళ్ళీ అడగమంది. నలభై నిమిషాలు మాట్లాడింది. కాల్ కష్టమే అంది, దాచలేదు. ఆ పళ్ళు నిలిచాయా అని అడిగాను. ఒకటి నిలిచిందట, ఇంకొకటి చూస్తున్నారట.

ఆవిడ గురించి ఇక్కడ అలా రాసినందుకు సిగ్గుగా ఉంది. పోస్టు ఎడిట్ చేయాలా?

వెనకకుర్చీ | జనవరి 28

అభినందనలు! ఎడిట్ చేయకు. వచ్చే ఏడు చదివేవాళ్ళకి రెండు పోస్టులూ కావాలి.

చెక్‌బుక్ | జనవరి 28

కంగ్రాట్స్. అమ్మ మాట్లాడుతోందా?

పాలపళ్ళు | జనవరి 28

ఊరంతా ఫోన్లు చేస్తోంది.

జూలై 1న మొదలు. ఇప్పటినుంచే చేయాల్సింది ఏమైనా ఉందా?

రాత్రిపేజర్ | జనవరి 29

ఉంది. పిల్లల అత్యవసర చికిత్సది, పాల్స్ కోర్సు, సీట్లు నిండకముందే బుక్ చేసుకో. ఆసుపత్రి క్రెడెన్షియలింగ్ వాళ్ళు (మన అర్హతలు సరిచూసేవాళ్ళు) కాగితాల మోపు పంపుతారు, ఒక్కటి తక్కువైనా మొదటి రోజు పేషెంట్‌ని ముట్టుకోనివ్వరు. రాష్ట్రం ఇచ్చే ట్రైనింగ్ లైసెన్స్ ఆలస్యమవుతుంది, ఫారం వచ్చిన రోజే పంపు. టీకాల రికార్డు ఇప్పుడే వెతుక్కో. నా హెపటైటిస్ బి కార్డు కోసం మా అమ్మ ఇంట్లో బీరువాలన్నీ దింపింది, చివరికి పెళ్ళి ఆల్బమ్‌లో దొరికింది.